ట్రంకు రోడ్డు పక్క మ్యూజిక్ షాపులో మీకు ఇష్టమైన వాయిద్యం ఏది? మా పాప బేస్ గిటార్ వదలడం లేదు

పెన్నాగట్టు
నెల్లూరులో ట్రంకు రోడ్డు నుంచి లోపలికి తిరిగితే వచ్చే మ్యూజిక్ షాపు మీలో చాలామందికి తెలుసు. ఎడమ గోడకు గిటార్లు, కుడివైపు అద్దాల బీరువాలో వేణువులు, మౌతార్గాన్లు, కింద వరసగా డోలక్‌లు. మా పెద్దోడి గిటార్‌కు తీగలు కొనడానికి నెలకోసారి వెళ్తుంటాను. రెండు నెలల నుంచి మా పాప కూడా వెంట వస్తోంది. ఆరో తరగతి, పదకొండేళ్లు. వచ్చిన ప్రతిసారీ నేరుగా మూలనున్న ఎర్ర బేస్ గిటార్ (కింది స్వరాలు పలికే నాలుగు తీగల గిటార్) దగ్గరికి పోయి కింద కూర్చుంటుంది. షాపాయన దించి ఒళ్లో పెడితే అరగంట కదలదు. అన్నిటికన్నా లావు తీగ ఒక్కటే మీటుతూ, చెవి చెక్కకు ఆనించి వింటుంది.

కొందామంటే ఇంట్లో ఒప్పుకోవడం లేదు. మా బావమరిది "నాలుగు తీగల మీద ఏం పాట వస్తుంది బావా, ముందు మామూలు గిటార్ నేర్పించు" అంటున్నాడు. నా భార్య వీణ అంటోంది. నా దగ్గర 15,000 ఉన్నాయి, శబ్దం పెంచే ఆంప్ కూడా అందులోనే రావాలి. నాకు సంగీతం రాదు. ఫోన్‌లో పాట పెట్టుకుని వింటే అందులో బేస్ ఎక్కడుందో కూడా తెలియలేదు. తప్పు కొంటానేమోనని టెన్షన్‌గా ఉంది. ఆ షాపులో మీకు నచ్చినవి ఏవి, ఎందుకు నచ్చాయో కూడా చెప్పండి.

గూడూరు_గిటార్
మీ బావమరిది చెప్పిందే కరెక్టన్నా. ముందు అకౌస్టిక్ గిటార్. ఆ షాపులో నాకు నచ్చింది యమహా ఎఫ్310. పదేళ్లయింది కొని, ఇప్పటికీ అదే. పైచెక్క స్ప్రూస్, ఆంప్ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. బేస్ ఒక్కదాన్నే ఇంట్లో వాయిస్తే పాపకు వారంలో విసుగొస్తుంది.

కావలి_కీస్
కీబోర్డు ఎందుకు వద్దు? 61 కీలది ఒకటి కొంటే అందులో బేస్ శబ్దం కూడా ఉంటుంది. యమహా వాళ్లు మన దేశం కోసం చేసిన మోడళ్లలో తబలా, తాన్‌పురా కూడా పెట్టారు. నేను ఐ455 మీద నేర్చుకున్నా. ఆ షాపులో డెమోకి పెట్టిన కీబోర్డు ముందు నిలబడి నేర్చుకున్న పాటలు నావి ఒక అరడజను ఉంటాయి. షాపాయన ఒక్కసారి కూడా ఇక చాలు అనలేదు.

బేస్_మస్తాన్
గూడూరు తమ్ముడూ, ఆ మాటే నాకూ చెప్పారు. మూడేళ్లు ఇష్టం లేని గిటార్ వాయించి, ఆ తర్వాతే బేస్ పట్టుకున్నా. ఇరవై ఏళ్ల నుంచి పెళ్లి ఆర్కెస్ట్రాల్లో బేస్ వాయిస్తున్నా. ఆ మూడేళ్లు ఇప్పటికీ గుర్తొస్తే బాధే.

పెన్నాగట్టు అన్నా, మీకు ఫోన్‌లో బేస్ వినబడకపోవడం మీ చెవి తప్పు కాదు. బేస్ మీద లావు తీగను వేలు పెట్టకుండా మీటితే సెకనుకు సుమారు 41 సార్లు ఊగుతుంది. గిటార్ లావు తీగ 82 సార్లు. ఫోన్ స్పీకరు గోరంత ఉంటుంది. అంత కింది స్వరాన్ని అది పలికించలేదు. ఒక మంచి హెడ్‌ఫోన్ పెట్టుకుని ఇళయరాజా పాట ఏదైనా వినండి. పాడే గొంతును వదిలేసి దాని కింద ఏం నడుస్తోందో పట్టుకోండి. ఆయన పాటల్లో బేస్ ఊరికే తాళం కొట్టదు, దానికి దాని పాట ఉంటుంది. ఒకసారి పట్టుబడిందంటే మళ్లీ ఆ పాటను ముందులా వినలేరు.

మీ పాప చెవి చెక్కకు ఆనించి వింటోంది అన్నారే, అక్కడే నాకు అర్థమైంది. నేర్పితే వచ్చేది కాదది. ఆ షాపులో నాకు ఇష్టమైనది కూడా ఆ ఎర్ర బేసే.

గూడూరు_గిటార్
ఇష్టం సరే మస్తానన్నా. తర్వాత గిటార్‌కు మారాలంటే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి కదా?

బేస్_మస్తాన్
అక్కర్లేదు. బేస్ నాలుగు తీగలు ఇ, ఎ, డి, జి. గిటార్ కింది స్వరాల నాలుగు తీగలూ అవే, ఒక స్థాయి పైన. ఏ ఫ్రెట్ (గిటార్ మెడ మీద లోహపు కడ్డీలు విడదీసే గడి) మీద ఏ స్వరమో ఒకసారి వస్తే అక్కడా అదే. ఇంకో రెండు సన్న తీగలు, కార్డులు (కలిపి ఒకేసారి మోగించే స్వరాలు) నేర్చుకుంటే సరిపోతుంది.

మూలాపేట_సుధ
ఇరవై రెండేళ్లుగా పిల్లలకు వీణ చెప్తున్నాను. పెన్నాగట్టు గారూ, మీ బావమరిదికి ఒక మాట చెప్పండి. వీణకు తీగలు ఏడు. అందులో మూడు తాళానికి, శ్రుతికి. మెట్ల మీద వేళ్లు నడిచి రాగం పలికేది మిగిలిన నాలుగు తీగల మీదే. ఆ నాలుగు తీగల మీదే మనవాళ్లు కృతులన్నీ వాయిస్తున్నారు. నాలుగు తీగలకు పాట రాదు అంటే ఎలా?

మీ ఆవిడ వీణ అనడంలో తప్పులేదు. కానీ వీణ కింద కూర్చుని వాయించాలి, ఓపిక చాలా కావాలి, మంచిది చేయించాలంటే మీ 15,000 సరిపోవు. మా ఇంట్లో ఉన్నది బొబ్బిలి వీణ, ఒకే పనస దుంగ తొలిచి చేసింది. దానికి మెట్లు మైనంలో నిలబెడతారు, ఎండాకాలం మైనం మెత్తబడితే మెట్టు జరుగుతుంది, మళ్లీ మేళం కట్టించాలి, అంటే మెట్లన్నీ శ్రుతికి సరిగ్గా నిలబెట్టించాలి. పదకొండేళ్ల పిల్ల ఏది ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంటోందో అది ఇవ్వండి. పక్కన సరళీ వరసలు మాత్రం పాడించండి. నోటితో పాడింది వేలికి త్వరగా వస్తుంది.

పెన్నాగట్టు
సుధక్కా, మీ పోస్టు మా ఆవిడకు చదివి వినిపించాను. నాలుగు తీగల మాట దగ్గర ఆగి రెండోసారి చదవమంది. బావమరిదికి కూడా పంపాను, ఇంకా జవాబు లేదు.

షాపు_తమ్ముడు
నేను ఆ షాపులోనే పనిచేస్తా. పాప నాకు బాగా తెలుసు. ధరలు ఇక్కడ రాయను, వచ్చినప్పుడు మాట్లాడుకుందాం. ఒక్క విషయం మాత్రం కొనేముందు చూసుకోవాలన్నా.

ఆ ఎర్రది పెద్ద సైజు. మెడ పైన తీగలు ఆనే నట్ నుంచి కింద చెక్క మీద ఆనే బ్రిడ్జి దాకా తీగ నిడివి 34 అంగుళాలు. పెద్దవాళ్లకు అదే. 1951లో ఫెండర్ ప్రెసిషన్ బేస్ వచ్చినప్పటి నుంచి ఆ కొలతే ఎక్కువగా నడుస్తోంది. అందులో మొదటి ఫ్రెట్ దాదాపు 48 మిల్లీమీటర్లు. పాప ఇప్పుడు వట్టి తీగ మీటుతోంది కాబట్టి ఇబ్బంది తెలియడం లేదు. మొదటి నాలుగు ఫ్రెట్ల మీద నాలుగు వేళ్లు పెట్టమంటే మణికట్టు వంగిపోతుంది. ఐబనేజ్ మైక్రో అని చిన్నది ఒకటుంది, 28.6 అంగుళాలు. మొదటి ఫ్రెట్ 41 మిల్లీమీటర్లకు దగ్గర. బరువు కూడా తక్కువ. నల్లది ఒకటి పాతది మారకానికి వచ్చింది, లోపల గదిలో ఉంది, ఇంకా గోడకెక్కించలేదు. రెండూ పాప ఒళ్లో పెట్టి చూద్దాం. పట్టుబట్టి ఏదీ అమ్మను.

ఒంగోలు_ఆరుతీగలు
ఈ తమ్ముడు చెప్పినట్టు చేయండి, చేత్తో పట్టుకుని చూసే కొనండి. నేను ఆన్‌లైన్‌లో తక్కువకు వస్తోందని గిటార్ తెప్పించా. ఎవరి దగ్గరో చెప్పను. పెట్టె తెరిస్తే నెక్, అదే మెడ, వంగి ఉంది. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు 5 మిల్లీమీటర్లు. రెండు వారాలు వేళ్లు కోసుకుపోయేలా నొక్కి, నాకు రాదులే అనుకుని మంచం కింద పెట్టేశా. ఆర్నెల్ల తర్వాత నెల్లూరులో మా అక్క ఇంటికి వస్తూ వెంట తెచ్చి ఈ షాపులో చూపించా. షాపాయన మెడ లోపలుండే కడ్డీని, అదే ట్రస్ రాడ్‌ను, పావు తిప్పు తిప్పి, కాసేపు వదిలేసి, మళ్లీ పావు తిప్పారు. బ్రిడ్జి మీద తీగలు ఆనే సాడిల్ తీసి అరగదీశారు. 2.5కి దిగింది. అదే గిటార్, అవే వేళ్లు. ఆ రోజు సాయంత్రమే ఎఫ్ కార్డు పలికింది. ఆ ఆర్నెల్లూ ఎవరిస్తారు నాకు?

గూడూరు_గిటార్
అందరికీ అట్టా జరగదన్నా. నా ఎలక్ట్రిక్ ఆన్‌లైన్‌లోనే కొన్నా, బ్రహ్మాండంగా ఉంది. షాపులో లేని రంగు, లేని మోడల్ కావాలంటే ఏం చేస్తాం? ప్రతిదానికీ చెన్నై పోలేం కదా.

ఒంగోలు_ఆరుతీగలు
నీకు సెటప్ చేసుకోవడం వచ్చు తమ్ముడూ. మొదటిసారి పట్టుకునేవాడికి తీగ ఎత్తుందని ఎలా తెలుస్తుంది? తనకే చేతకాదనుకుంటాడు. నా గొడవంతా అక్కడే.

గూడూరు_గిటార్
ఆ మాట ఒప్పుకుంటున్నా. మొదటి వాయిద్యం మాత్రం షాపులోనే.

కావలి_కీస్
చెన్నై అంటే గుర్తొచ్చింది. మా నాన్న పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో తీసుకెళ్లి మౌంట్ రోడ్డులో మ్యూజీ మ్యూజికల్ చూపించారు. 1842 నాటి షాపు అది. పియానోలు చూసి నోట మాట రాలేదు. కానీ చేయి వేయడానికి భయమేసింది. మన షాపులో ఆ భయం లేదు.

కరవది_సన్నాయి
గిటార్ల మధ్యలో నా మాట కూడా వినండి. ఆ అద్దాల బీరువాలో పై అరలో ఒక నాదస్వరం ఉంటుంది, చూశారా? అమ్మకానికో కాదో నేనెప్పుడూ అడగలేదు. నెల్లూరు వస్తే దాన్ని చూడకుండా పోను. మాది ఒంగోలు పక్కన కరవది. షేక్ చినమౌలానా గారు పుట్టిన ఊరు. 1924లో మా ఊళ్లో పుట్టి, శ్రీరంగం వెళ్లి స్థిరపడి, నాదస్వరానికి పేరున్న కావేరి ఒడ్డు వాళ్ల చేత ఔననిపించుకున్నారు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి బిరుదు. ఆయన శిష్యులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చినప్పుడు మా వీధిలో స్వీట్లు పంచాం.

నాదస్వరానికి గిటార్‌లా నొక్కగానే స్వరం రాదు. నోటి దగ్గర పెట్టే సీవాళిని తడిపి, దారికి తెచ్చుకుని, ఊపిరితో స్వరాన్ని పట్టుకోవాలి. నాకు రెండేళ్లు పట్టింది షడ్జమం నిలబడడానికి. అందుకని పాప ఒకే తీగ అరగంట మీటుతోందంటే నాకేం వింతగా లేదు. ఒక్క స్వరం దగ్గర కూర్చోగలిగిన పిల్ల ఏ వాయిద్యమైనా నేర్చుకుంటుంది.

బేస్_మస్తాన్
కరవది అన్నా, ఈసారి వచ్చినప్పుడు ఫోన్ చేయండి. ఆ నాదస్వరం దింపించే బాధ్యత నాది. మీరు ఊదాలి, నేను కింద సా పట్టుకుంటా.

కరవది_సన్నాయి
నీ బేస్ ఏ శ్రుతికి పెడతావో ముందు చెప్పు తమ్ముడూ.

బేస్_మస్తాన్
మీరు ఏది అంటే అది. తీగ దించడం ఎంతసేపు.

హార్మోనీ_మనవడు
మాది కందుకూరు వైపు. మా తాతయ్య పద్యనాటకాలకు హార్మోనిస్టు. ఎండాకాలం వస్తే రాత్రంతా ఒకే స్టేజీ మీద, పద్యం ఎత్తుకునే నటుడి గొంతు వినగానే "ఈయనది ఇవాళ ఒకటిన్నర శ్రుతి" అని మెట్టు మార్చేసేవాడు. ఆకాశవాణి వాళ్లు 1940లో హార్మోనియాన్ని పక్కన పెట్టేసి 1971 దాకా రానివ్వలేదు. స్వరాన్ని ఊపి పలికే గమకం దాని మీద రాదని. మా ఊళ్లల్లో మాత్రం పెట్టె లేకుండా నాటకం తెర లేచేది కాదు.

తాతయ్య పోయాక ఆ పెట్టె అటక మీద ఉండిపోయింది. దించి చూస్తే గాలి కొట్టే బెలోస్ చిరిగింది, మధ్య స్థాయిలో ఒక మెట్టు నొక్కితే గాలి తప్ప స్వరం లేదు. రెండుచోట్ల చూపిస్తే పారేసి కొత్తది కొనుక్కోమన్నారు. ఈ షాపాయన పై పలక తీసి, రీడు బోర్డు ఎత్తి, గాలికి ఊగి పలికే ఆ ఒక్క ఇత్తడి రీడు కిందికి పల్చటి బ్లేడు పోనిచ్చి దుమ్ము లాగారు. మెట్టు నొక్కారు. పలికింది. మా నాన్న పక్కనే ఉన్నాడు. ఆయన అక్కడ స్టూలు మీద కూర్చుని తాతయ్య వాయించే మెట్లే వరసగా నొక్కుతూ పోయాడు. నాన్నకు హార్మోనియం వచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

షాపులో నాకిష్టమైన వాయిద్యం ఏదంటే ఏం చెప్పను? నావరకు ఆ రిపేరు బల్ల.

పెన్నాగట్టు
హార్మోనీ_మనవడు గారూ, మీ నాన్నగారు ఇప్పుడు వాయిస్తున్నారా?

హార్మోనీ_మనవడు
రోజూ సాయంత్రం. కోడళ్లు సీరియల్ సౌండు తగ్గిస్తారు ఆయన కూర్చోగానే.

చర్చి_బీట్స్
ఒంగోలులో మా చర్చి క్వయర్‌లో డ్రమ్స్ వాయిస్తా. గిటార్ వచ్చినవాళ్లు పదకొండు మంది ఉన్నారు, కీబోర్డు ఐదుగురు. బేస్ ఒక్కరు. ఆయనకు ఆదివారం డ్యూటీ పడితే కీబోర్డులో ఎడమ చేత్తో సర్దుకుంటున్నాం. నేను కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము) కొట్టిన చోటే బేస్ స్వరం పడితే ఆ ఆరాధన వేరేగా ఉంటుంది. బేస్ నేర్చుకుంటే ఏం లాభం అనేవాళ్లకు ఇది చెప్పండి. ఎదిగాక ఏ బ్యాండుకైనా మొదట కావాల్సింది మీ పాపే. ఆ షాపులో నాకు ఇష్టమైనది పాత రోలాండ్ ఆక్టోప్యాడ్, అదే ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్, కానీ అది నిరుడే అమ్ముడుపోయింది.

మూలాపేట_సుధ
పక్కన వాయించేవాళ్ల విలువ ఈ ఊరికి కొత్తేం కాదు. మన ఎస్పీ బాలు గారు సినిమాల్లో నిలదొక్కుకోక ముందు కట్టుకున్న బృందంలో గిటార్, హార్మోనియం పట్టుకున్నది ఇళయరాజా. పాడేవాడు ఎంత గొప్పవాడైనా పక్కన వాయించేవాళ్లు కావాలి.

పెన్నాగట్టు
నిన్న శనివారం వెళ్లాం. నేను, పాప, మా ఆవిడ, బావమరిది కూడా. సుధక్క పోస్టు చదివాక తనూ వస్తానన్నాడు.

ముందు ఎర్రది ఒళ్లో పెట్టారు. తమ్ముడు మూడో ఫ్రెట్ మీద వేలు పెట్టమన్నాడు. పెట్టింది కానీ భుజం పైకి లేచిపోయింది, పెదవి కొరుక్కుంటోంది. నొప్పా అంటే లేదంది. నొప్పేనని వాళ్లమ్మకు తెలిసిపోయింది. తర్వాత లోపల్నుంచి నల్లది తెచ్చారు. చిన్నది. భుజం దిగింది. నాలుగు వేళ్లు నాలుగు ఫ్రెట్ల మీద కూర్చున్నాయి. కానీ పాప మొహంలో సంతోషం లేదు. ఎర్రది కావాలంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాకేం చేయాలో తెలియలేదు.

షాపాయన ఏమీ అనకుండా నల్లదాన్ని ఆంప్‌కు కలిపి వాల్యూం కొంచెం పెంచి "ఇప్పుడు నీ తీగ మీటమ్మా" అన్నారు. ఇన్ని రోజులూ తను ఆంప్ లేకుండానే చెవి ఆనించి విన్నది. మొదటిసారి ఆ స్వరం గదంతా వచ్చింది. బీరువా అద్దాలు గుయ్యిమన్నాయి. పాప చెయ్యి తీసేసి నా వైపు చూసింది. మళ్లీ మీటింది. ఇక ఎర్రదాని మాట ఎత్తలేదు.

నల్లది 11,000కు ఇచ్చారు. ఆంప్ మాత్రం బడ్జెట్‌లో రాలేదు. బావమరిది వాళ్ల గిటార్ ఆంప్ వాడుకోమన్నాడు. అది వాడొచ్చా?

బేస్_మస్తాన్
చాలా సంతోషం అన్నా. గిటార్ ఆంప్ మీద బాగా తక్కువ వాల్యూంలో ఫర్వాలేదు. పెంచకండి, కింది స్వరాలకు దాని స్పీకరు దెబ్బతింటుంది. మిగిలిన 4,000లో బేస్‌కు పనికొచ్చే హెడ్‌ఫోన్ ఆంప్ ఒకటి కొనండి. ఇంట్లో ఎవరికీ ఇబ్బంది ఉండదు, పాపకు స్వరం పూర్తిగా వినబడుతుంది. ఆంప్ వచ్చే ఏడాది చూసుకోవచ్చు.

గూడూరు_గిటార్
నేను మొదట చెప్పింది వెనక్కి తీసుకుంటున్నా అన్నా. పాపకు నా తరఫున ఒక పట్టీ, అదే స్ట్రాప్, షాపులో పెట్టి వెళ్తా. ఏ రంగు కావాలో అడగండి.

పెన్నాగట్టు
ఎర్రది అంటోంది తమ్ముడూ.

ఒంగోలు_ఆరుతీగలు
వాయించాక తీగలు పొడి గుడ్డతో తుడవడం మొదటి రోజు నుంచే అలవాటు చేయండి. మన సముద్రం గాలికి తీగలు ఊరికే తుప్పు పడతాయి. బ్యాగులో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వేయండి. కారులో ఎండకు అసలు వదలొద్దు. అక్టోబరు నుంచి వానలు మొదలైతే చెక్క తేమ పీల్చి నెక్ కాస్త కదులుతుంది, అప్పుడు భయపడకండి.

పెన్నాగట్టు
వానలు రాకముందే ఏదో కదిలినట్టుంది. ఇవాళ పొద్దున్నుంచి లావు తీగ మూడో ఫ్రెట్ దగ్గర నొక్కితే జుయ్‌మని కొట్టుకుంటోంది. పాప తప్పు నొక్కుతున్నానేమోనని వందసార్లు నొక్కి చూసింది.

బేస్_మస్తాన్
పాప తప్పేం లేదని ముందు తనకు చెప్పండి. ఆర్నెల్లు పోగొట్టుకున్న అన్న పైనే ఉన్నాడు. వచ్చే ఆదివారం పదింటికి షాపు దగ్గర ఉంటా, ఇద్దరూ రండి. అలెన్ కీ తెస్తా. ట్రస్ రాడ్ ఎలా తిప్పాలో పాప చేతే తిప్పిస్తా.

షాపు_తమ్ముడు
ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట దాకే తీసుంటాం, అంతలోపు వచ్చేయండి. ఎర్ర స్ట్రాప్ ఒకటి పక్కన పెట్టేశా.